శాస్త్రిగారి ఇంగ్లీషు ప్రాస

ప్రాస అనే మాట ఎవరైనా నా ముందు ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కవుల మీద నాకు పగేమీ లేదు. పద్యం బాగా చదివేవాళ్ళుంటే కూర్చుని వింటాను. కానీ ఒక పెద్దమనిషి ఆ ప్రాస పేరు చెప్పి నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. ఆయన తాగిన నీళ్ళు ఇంకా ఎక్కువనుకోండి. అది తర్వాత చెప్తాను.

రైలు ఇంకా మా వైపు రాని రోజులవి. రాజమండ్రి వెళ్ళాలన్నా, అక్కణ్ణుంచి ఎవరైనా రావాలన్నా కాలవలో పడవే గతి. నరసాపురానికి కాస్త ఎగువన, లాకుల పక్కన ఒక స్కూలుండేది. ఊళ్ళో షావుకార్లు చందాలేసుకుని, సర్కారు ఇచ్చే గ్రాంటు కలుపుకుని నడిపేవారు. అందులో నేను ఇంగ్లీషు మాస్టారిని. మాది చర్చి కుటుంబం. మా నాన్న పొలం పనికి వెళ్ళేవాడు. మిషను వాళ్ళు నన్ను రాజమండ్రిలో పెట్టి చదివించారు. మెట్రిక్యులేషన్ దాకా వెళ్ళి లెక్కల్లో తప్పాను. అయినా ఆ చుట్టుపక్కల నా పాటి ఇంగ్లీషు వచ్చినవాడు దొరక్క షావుకార్లు నన్ను పెట్టుకున్నారు.

తెలుగు చెప్పడానికి శాస్త్రిగారుండేవారు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఏదో సంస్థానంలో పద్యాలు చెప్పి శాలువా కప్పించుకున్న కవి. సంస్థానం పోయింది, శాలువా మిగిలింది. ఇంట్లో విధవరాలైన అక్కగారు, తల్లీతండ్రీ లేని ఇద్దరు మనవలు. అందరికీ ఆ స్కూలు జీతమే ఆధారం. స్కూల్లో నేను చేరిన కొత్తలో ఆయన నాతో నేరుగా మాట్లాడేవారే కాదు. నేను మూరెడు దూరంలో నిలబడి ఉంటే, ఎదురుగా ఉన్న గోడను చూసి, "ఇంగ్లీషు మాస్టారి క్లాసు అయిపోయిందో ఏంటో" అనేవారు. నేనూ ఆ గోడకే జవాబు చెప్పేవాణ్ణి. పాపం ఆ గోడ మా ఇద్దరి మధ్యా చాలా కబుర్లు మోసింది.

ఒక ఏడాది ఇన్‌స్పెక్టరు దొర వచ్చి, వెళ్తూ వెళ్తూ ఒక పుల్ల పెట్టి పోయాడు. తెలుగు చెప్పడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకు, ఇంగ్లీషు వచ్చిన మాస్టారెవరైనా ఆ నాలుగు పద్యాలూ చెప్పలేరా, ఇంగ్లీషు ముక్క రాని మనిషికి గ్రాంటు డబ్బు దండగ కదా అన్నాడు. మళ్ళీ వచ్చేటప్పటికి ఆ సంగతి తేల్చేస్తానన్నాడు. హెడ్మాస్టరుగారు ఆ మాట శాస్త్రిగారికి చెప్పడానికి రెండు రోజులు నీళ్ళు నమిలి, చివరికి చెప్పారు. ఆ సాయంత్రం శాస్త్రిగారు మొట్టమొదటిసారి గోడను వదిలి నా మొహం చూశారు.

"మాస్టారండీ, నేను ఇంగ్లీషులో ఒక పద్యం చెప్తానండి. దొరగారి మీద."

"తమరికి ఇంగ్లీషు అక్షరాలు కూడా రావు కదండీ?"

"అక్షరాలెందుకండీ? పద్యం నోటితో చెప్పేది. మాటలు మీరివ్వండి, అర్థాలు మీరు చెప్పండి. పద్యం సంగతి నేను చూసుకుంటాను."

సరేనన్నాను. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. ఆ ముసలాయన ఉద్యోగం ఊడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని నాకు తెలుసు. జాలిపడ్డాను. జాలి ఎంత ప్రమాదమో మర్నాడు పొద్దున్నే తెలిసొచ్చింది.

ఇంకా చీకటి విడీ విడకముందే మా ఇంటి ముందు దగ్గు వినిపించింది. శాస్త్రిగారు. మా గుమ్మం ఎక్కరు కదా, కాలవ మెట్ల మీద పై మెట్టున ఆయన, నాలుగు మెట్ల కింద నేను. ఇంత తెల్లవారుజామున ఎందుకండీ అంటే, "స్నానానికి ముందైతే ఇబ్బంది లేదండి" అన్నారు, ఎంతో మర్యాదగా. అంటే నాతో పాఠమైపోగానే కాలవలో మునిగి, నన్ను కడిగేసుకుని, మడి కట్టుకుని ఇంటికి పోతారన్నమాట. నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఏమంటాం? ఆ వెనక అండీలు, తమరులు. అండి అంటూనే మనిషిని కాలవలో కలిపేసే మర్యాద మా గోదావరి వాళ్ళకే చేతనవును.

"దొరగారు కాలవ మీద పడవలో వస్తారు కదండీ. నీళ్ళతో ఎత్తుకుంటాను. నీటిని ఇంగ్లీషులో ఏమంటారండీ?"

"వాటర్."

"వాటరు. బాగుందండి. ఇంకా?"

"ఇంకా ఏంటండీ?"

"నీటికి ఇంకా పేర్లేంటండీ?"

"అంతేనండి. ఒకటే."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. దాచుకుంటున్నాననుకున్నారు. "ఒకటేనా? మనకి నీరు, జలం, ఉదకం, సలిలం, తోయం, అంబువు... చెప్పుకుంటూ పోతే పొద్దుగూకుతుంది. ఇంత పెద్ద రాజ్యం ఏలేవాళ్ళకి నీటికి ఒక్కటే పేరాండీ?"

"వాళ్ళ ఊళ్ళో నీళ్ళు పిలవకుండానే దొరుకుతాయండి. అందుకని పేర్లు పెట్టుకోలేదు" అన్నాను, విసుగ్గా.

ఆయన దాన్ని నిజమనుకుని, "పాపం" అన్నారు.

అక్కణ్ణుంచి మొదలైంది నా చావు. వాటరు మొదటి పాదంలో పెట్టుకున్నారు. "ఇప్పుడు రెండో అక్షరం టకారం ఉన్న మాటలు కావాలండి. మొదటి అక్షరం దీర్ఘం ఉండాలి" అన్నారు.

తెలుగు పద్యంలో ప్రాస అంటే చదువుకున్నవాళ్ళకి తెలుసు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు రావాలి. ఇంగ్లీషువాడి లెక్క వేరు. వాడి ప్రాస పాదం చివర ఉంటుంది. ఇది చెబుదామని నేను, క్యాట్, ర్యాట్, మ్యాట్ అని మూడు మాటలు చెప్పి, అర్థాలు చెప్పి, "ఇదిగోనండి, వాళ్ళ ప్రాస ఇలా ఉంటుంది, తోకలో" అన్నాను.

"పిల్లి, ఎలుక, చాప. తోకలోనా?"

"తోకలోనేనండి."

"మాస్టారండీ, మనిషిని మొహం చూసి గుర్తుపడతామా, వెనకనుంచి చూసి గుర్తుపడతామా?"

"మనకీ అంత్యప్రాస ఉంది కదండీ!"

"ఉందండి. అది చెవికి పెట్టుకునే పోగు. ఉంటే అందం, లేకపోతే లేదు. ప్రాస వెన్నెముక. అది లేకపోతే మనిషి నిలబడడు. చెవిపోగు చూసి ఇది వెన్నెముక అంటే ఎలాగండీ? వాళ్ళకి చెప్పినవాళ్ళు లేక పొరపాటు పడుంటారు."

అంటే ఇన్ని వందల ఏళ్ళుగా ఒక దేశం దేశమంతా కూర్చుని పొరపాటుగా పద్యాలు రాసుకుంటోంది, దాన్ని లాకుల దగ్గర కూర్చుని శాస్త్రిగారు సరిదిద్దుతారు! నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. పద్యం వినేది దొర, దొర చెవికి తోకలో ప్రాస లేకపోతే అది పద్యమనే తెలీదు అని. ససేమిరా అన్నారు. "పద్యం సంగతి నేను చూసుకుంటానని చెప్పాను కదండీ. మీరు మాటలివ్వండి" అన్నారు.

మాటలివ్వండి అంటే మాటలా? నా దగ్గర మిషను వాళ్ళిచ్చిన పాత డిక్షనరీ ఒకటి ఉండేది. ఒకవైపు అట్ట ఊడి, చెద కొట్టినా, దాన్ని మా ఇంట్లో ఉప్పు జాడీ కన్నా కాస్త ఎక్కువ గౌరవంగా చూసుకునేవాణ్ణి. డిక్షనరీలో మాటలు మొదటి అక్షరాన్ని బట్టి ఉంటాయి. ఈయనకి కావలసింది రెండో అక్షరం. అంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్క మాటా పైకి చదువుకుని, రెండో అక్షరం టకారం వస్తే పట్టుకోవాలి. బియ్యంలో రాళ్ళు ఏరే పనైనా నయం, చివరికి అన్నమైనా దొరుకుతుంది. అలా కళ్ళు కాయలు కాచేలా వెతికి బెటర్, లెటర్ అని రెండు పట్టుకుని, గర్వంగా తీసుకెళ్ళాను.

"బె హ్రస్వమండి. లె హ్రస్వమండి. వా దీర్ఘం. పనికిరావు."

"కొంచెం సాగదీసి చదువుకోండి! బేటర్ అనండి, ఎవడడిగాడు?"

"అలా సాగదీయొచ్చాండీ? దొరగారు తప్పు పట్టరూ?"

దొర తప్పు పడతాడేమోనని భయం! పద్యం మొత్తం తలకిందులుగా కడుతున్న మనిషికి ఒక్క అక్షరం సాగదీయడానికి భయం! నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను చెప్పినట్టు ఇంగ్లీషు ప్రాస కూడా అక్కడే ఉంటుంది కదా, రెంటినీ కలిసి ఉండమని వదిలేశాను.

మా ఆవిడ ఆ రోజుల్లో లేసు అల్లేది. మిషను దొరసాని నేర్పింది. పొద్దున్నే వెలుతురు రాగానే గుమ్మంలో కూర్చుని దారం, సూది తీసేది. కాలవ మెట్లు ఆమెకు కనబడతాయి, మా మాటలు వినబడతాయి. కొన్నాళ్ళు నోరు మూసుకుని విన్నది. తర్వాత ఓర్పు పోయింది.

"ఏవండీ, ఆ ప్రాసేదో ఆయనకి పడేసి లోపలికి రండి. రోజూ ఆయన మునిగి వెళ్ళిపోతారు, మీరేమో ఇంటికొచ్చి నా మీద అరుస్తారు."

"దొరకద్దూ!"

"దొరసాని నన్ను డాటర్, డాటర్ అంటుందిగా. అది పనికిరాదేంటి?"

డాటర్! పేజీలు తిరగేసి తిరగేసి చచ్చిన నాకు అది తట్టలేదు. మర్నాడు శాస్త్రిగారికి చెబితే, ఆ మాట నాలుగైదు సార్లు నోట్లో చప్పరించి, "కూతురు. గోదావరి కొండకి కూతురు కదండీ. అమ్మో, ఎంత మాటిచ్చారండీ" అని పొంగిపోయారు. నేనివ్వలేదు, మా ఆవిడిచ్చిందంటే, గుమ్మం వైపు తిరిగి తల వంచారు. ఆ తర్వాత లేటర్ దొరికింది. మేటర్ దొరికింది. లేటరంటే తర్వాత, మేటరంటే విషయం. నాలుగు పాదాలకీ నాలుగు వెన్నెముకలు వచ్చాయి. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఓరి నాయనో, అప్పుడు యతి మొదలైంది. ప్రతి పాదం మధ్యలోనూ ఒక చోట మొదటి అక్షరంతో కలిసే అక్షరం రావాలిట. వాకి ఒకటి, డాకి ఒకటి, లేకి ఒకటి, మేకి ఒకటి. నేనింకేమీ చెప్పను. డిక్షనరీకి మిగిలున్న అట్ట కూడా ఊడిపోయింది.

అన్నిటికన్నా నన్ను మండించింది, ముందు రోజు చెప్పిన మాటలు మర్నాటికి గుర్తుండకపోవడం. "నిన్న చెప్పినదేంటండీ, స్వాగతానికి?" వెల్కమ్. "నిన్న చెప్పినదేంటండీ, వానకి?" రెయిన్. మళ్ళీ, మళ్ళీ. వేల పద్యాలు నోటికి వచ్చిన మనిషి! ఒకరోజు నాకు ఆగలేదు. నీళ్ళలోకి దిగుతున్న ఆయన్ని ఆపి అనేశాను.

"గుర్తెలా ఉంటాయండీ? రోజూ నన్ను కాలవలో కడిగేసుకుంటారు. నాతోపాటు నా ఇంగ్లీషూ కొట్టుకుపోతోంది. ఇప్పటికి సగం ఇంగ్లీషు సముద్రంలో కలిసుంటుంది!"

ఆయన అక్కడే ఆగిపోయారు. మోకాళ్ళ దాకా నీళ్ళు. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వదిలేశారు. నేనూ తగ్గలేదు.

"మాటకి మైల లేదండి" అన్నారు చివరికి. "అది నాకు తెలుసు."

"మరి ఈ మునకలు ఎవరికోసం?"

"ఇంట్లో అక్కయ్యకండి. అక్కయ్యకి తెలిస్తే నాకు అన్నం పెట్టదు."

ఆ మాట చెప్పి మునిగారు. నాకు కోపం తగ్గిందని చెప్పను. తగ్గలేదు. అక్కయ్యకి భయపడి నన్ను కడుక్కున్నా కడుక్కున్నట్టే కదా. కానీ మర్నాటి నుంచి ఆయన మునిగి లేచి, తడి బట్టలతో, నీళ్ళలో నిలబడే ఆ రోజు మాటలన్నీ గట్టిగా అప్పజెప్పేవారు. వాటరు, వెల్కము, రెయిను. లాకుల దగ్గర ఆగిన పడవల వాళ్ళు ఇదేదో కొత్త సంధ్యావందనమనుకుని దణ్ణం పెట్టేవారు.

పద్యం ఒక కొలిక్కి వచ్చింది. అర్థం చెప్తాను. గోదావరి నీళ్ళు మీకు స్వాగతం చెబుతున్నాయి. ఆమె కొండ కూతురు, కొండంత మనసుతో వచ్చింది. వానేమో తర్వాత వస్తుంది, మీరు ముందే వచ్చారు. విషయమేమిటంటే, ఈ పిల్లలు మీ చల్లని చూపు కోసం ఉన్నారు. నిజం చెప్పొద్దూ, బాగుంది. చెడ్డగా ఉంటే నాకింత బాధ ఉండకపోను. కానీ ఆయన దాన్ని చదివేసరికి నాకు గుండె జారిపోయింది. ఇంగ్లీషు మాటలు హల్లుతో ఆగిపోతాయి కదా, ఆయనకది కుంటినడకలా ఉందిట. ప్రతి మాటకీ ఉకారం తగిలించారు. తగిలించి ఊరుకోకుండా పక్క మాటతో సంధి చేశారు. వాటరు ఆఫు అంటే వాటరాఫు. మేటరు ఈజు అంటే మేటరీజు. ఆ పైన గొంతెత్తి, సంస్థానంలో చదివినట్టు, రాగం తీసి, పాదం చివర సాగదీసి చదివారు. కాలవ గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూశాయి. అంత గొప్పగా ఉంది. అందులో ఇంగ్లీషు మాత్రం ఎక్కడుందో నేను కూడా వెతుక్కోవాల్సి వచ్చింది, మాటలన్నీ ఇచ్చింది నేనే అయినా.

"శాస్త్రిగారూ, మీకు పుణ్యముంటుంది, రాగం తీయకండి. మాటలు విడివిడిగా చెప్పండి. దొర అర్థం చేసుకోవాలి కదండీ."

"విడివిడిగా చెబితే అది పద్యమెలా అవుతుందండీ? అది అంగడి సామాన్ల జాబితా అవుతుంది."

హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయనకి నాకన్నా భయం. "మీరిద్దరూ ఏదో ఒకటి చూసుకోండి బాబూ, నన్ను లాగకండి" అన్నారు.

దొర వచ్చాడు. పొద్దున్నే లాకుల దగ్గర పడవ ఆగింది. షావుకార్లు నిమ్మకాయలూ, దండలూ పట్టుకుని నిలబడ్డారు. స్కూలు గది కడిగి ముగ్గులు పెట్టారు. దొర లెక్కలు చూశాడు, పిల్లల చేత ఇంగ్లీషు చదివించాడు, మా పిల్లలు నా పరువు కొంత నిలబెట్టారు. ఆఖరికి హెడ్మాస్టరుగారు గుటకలు మింగుతూ, మా తెలుగు పండితులు తమరి మీద ఒక పద్యం చెప్పారండి అని ఇంగ్లీషులో మనవి చేశారు. ఏ భాషలో చెప్పారో భయం కొద్దీ చెప్పడం మరిచిపోయారు.

శాస్త్రిగారు ఆ పాత శాలువా కప్పుకుని ముందుకొచ్చారు. నేను కళ్ళు మూసుకుని నా దేవుణ్ణి తలుచుకున్నాను. ఆయన గొంతెత్తారు. చెప్పకూడదు గానీ, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. దొర బూటు కాలు నేల మీద నెమ్మదిగా తాళం వేసింది. పద్యం అయిపోయాక దొర చప్పట్లు కొట్టి, హెడ్మాస్టరుగారితో చాలాసేపు మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను. ఎంత గంభీరమైన భాషండీ మీ తెలుగు, నాకు అర్థం కాకపోయినా చెవికి హాయిగా ఉంది, సొంత భాషని ఇంత బాగా పలికే మనిషిని కదపకూడదు, పోయినసారి నేను తొందరపడ్డాను, ఈయన్ని ఉండనివ్వండి. అదీ దొర అన్నది.

హెడ్మాస్టరుగారి మొహం పున్నమి చంద్రుడిలా అయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇన్ని రోజులు డిక్షనరీ తిరగేసి, కళ్ళు పోగొట్టుకుని, ఇంట్లో చీవాట్లు తిని నేనిచ్చిన ఇంగ్లీషంతా దొరకి తెలుగుగా వినబడింది! పోనీ, ఉద్యోగం దక్కింది కదా, అదే పదివేలు అనుకున్నాను.

శాస్త్రిగారు నా పక్కకి వచ్చి, మెల్లగా, "ఏమన్నారండీ?" అన్నారు.

"మీ ఉద్యోగానికి ఢోకా లేదన్నారండి. తెలుగు బ్రహ్మాండంగా చదివారన్నారు."

"తెలుగా?"

"తెలుగేననుకున్నారు. ఊరుకోండి."

"కాదని చెప్పండి."

"శాస్త్రిగారూ, మీకు దణ్ణం పెడతాను. నోరు మూసుకుని ఊరుకోండి. ఉద్యోగం నిలబడింది."

"ఉద్యోగం నిలబడిందండి. నా పద్యం పడిపోయింది కదా."

హెడ్మాస్టరుగారు ఆయన శాలువా కొంగు పట్టుకుని వెనక్కి లాగారు. నేను అడ్డం నిలబడ్డాను. ఏ మాత్రం లోకజ్ఞానం ఉన్న మనిషైనా ఆగేవాడు. ఈయన నన్ను తప్పుకుని, పక్కకి జరిగి, దొర ముందు నిలబడి, "సార్. నో తెలుగు. ఇంగ్లీష్" అన్నారు. నేను ఎన్నడూ నేర్పని ధైర్యంతో అన్నారు.

దొరకి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను చచ్చినట్టు చెప్పాను. దొర కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ చదవమన్నాడు. అప్పుడు శాస్త్రిగారు నేనెంత బతిమాలినా చేయని పని చేశారు. రాగం తీసేశారు. సంధులన్నీ విడగొట్టేశారు. వాటర్. ఆఫ్. గోదావరి. ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పారు. మాట మాటకీ ఆయన గొంతు కిందకి దిగిపోవడం నాకు వినబడింది. దొర ముందుకు వంగి విన్నాడు. మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత మొహమంతా ఎర్రబడింది, మూడో పాదంలో ఇక ఆపుకోలేక నవ్వేశాడు. షావుకార్లు కూడా ఎందుకో తెలీకుండానే నవ్వారు. శాస్త్రిగారు ఆగలేదు. నాలుగో పాదం పూర్తిచేసి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ప్రాస ఎక్కడుందని దొర అడిగాడు. రెండో అక్షరంలో ఉందని నేను చెప్పాను. దొర కళ్ళు తుడుచుకుని, అర్థమైంది, ప్రతి మాటా అర్థమైంది, కానీ మా దేశంలో దీన్ని పద్యమనరు అన్నాడు. ఆ ముక్క నేను శాస్త్రిగారికి సగమే చెప్పాను.

నెల తిరక్కుండానే హుకుం వచ్చింది. తెలుగు పండితుడి పోస్టు తీసేశారు. పిల్లలకి వంకర ఇంగ్లీషు అంటుకుంటుందట. తెలుగు క్లాసు ఇకమీదట ఇంగ్లీషు మాస్టారే చెప్పుకోవాలట. ఇంగ్లీషు మాస్టారంటే నేను. తెలుగు పద్యం తిన్నగా నాలుగు పాదాలు చదవడం రాని నేను! హెడ్మాస్టరుగారు నాకేదో బహుమానమిచ్చినట్టు తెలుగు వాచకం చేతిలో పెట్టారు. నాకు ఎవరిమీద కోపం రావాలో తెలీక అందరి మీదా వచ్చింది. ఎక్కువ శాస్త్రిగారి మీదే వచ్చింది. నోరు మూసుకుని ఉంటే పోయేదేముంది?

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్ళాను. తిట్టడానికే వెళ్ళాను. అరుగు మీద ఆయన, కింద వీధిలో నేను. లోపల అక్కగారు బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తెలుగనుకుంటే మీదేం పోయిందండీ? అనుకోనివ్వచ్చు కదా! ఎవరికి నష్టం? ఇప్పుడు పిల్లలకేం పెడతారు?"

ఆయన నిదానంగా, "మాస్టారండీ, రెండోసారి చెప్పినప్పుడు దొరగారికి అర్థమైందన్నారు కదండీ?" అన్నారు.

"అయింది."

"ప్రతి మాటా?"

"ప్రతి మాటా అర్థమైందండి! అయితే?"

"అయితే చాలండి."

చాలట! పోస్టు పోయింది, ఆ వయసులో ఇంకెవరూ పని ఇవ్వరు, దొర మొహం మీదే నవ్వాడు, షావుకార్లు నవ్వారు, ఈయనకి చాలట! కేకలేద్దామంటే ఎదురుగా ఆ శాంతమైన మొహం. ఎక్కణ్ణుంచి తిట్టాలో తెలీక చేతిలో ఉన్న వాచకం అరుగు మీదకి విసిరినట్టు పెట్టి, "రేపు ఇది నేను చెప్పాలిట. నాలుగో తరగతికి. నాకు రాదు" అన్నాను.

ఆయన వాచకం వంక చూశారు. దాన్ని ముట్టుకోలేదు. "తెలుగు మీకిచ్చారా?" అన్నారు. అంతవరకు ఆ సంగతి ఆయనకి తెలీదు.

"నాకే ఇచ్చారు."

"చదవండి ఓసారి."

వాచకం తీసుకుని చదివాను. రెండు పాదాలు చదివానో లేదో, ఆయన ఠక్కున చెయ్యెత్తి ఆపేశారు.

"అయ్యో అయ్యో, అక్కడ విరిచేశారేంటండీ! అక్కడ విరిస్తే ప్రాణం పోతుందండి! రేపు పిల్లలకి ఇలాగే చెప్తారా?"

అన్ని నెలల్లో ఆయన నా మీద గొంతు పెంచగా నేను వినలేదు. తలెత్తి చూశాను. ఉద్యోగం పోయిందన్నప్పుడు పొడిగా ఉన్న కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారిపోతున్నాయి. తుడుచుకోవడం లేదు. "మళ్ళీ చదవండి" అన్నారు.

నేను మొదటినుంచి చదివాను.